డి లో ఒకటి, ఈ లో ఒకటి

మా అక్క ఏ పనీ ఒక్కసారి చేసి ఊరుకునేది కాదు. గదికి తాళం వేసి, మెట్లు దిగి, మళ్ళీ పైకెక్కి తాళం లాగి చూసేది. ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చే ముందు మందు పేరు రెండుసార్లు పైకి చదివేది. అలా చదవాలని నర్సింగ్‌లో మా అందరికీ నేర్పారు. ఉద్యోగంలో పడ్డాక చాలామందిమి కళ్ళతో చదివి సరిపెట్టుకున్నాం. అక్క మాత్రం నోటితో చదవడం మానలేదు. డ్యూటీలో తన పక్కన నిలబడి నేను నవ్వు ఆపుకునేదాన్ని.

నరసాపురం దగ్గర మా పల్లె నుంచి ఢిల్లీకి ముందు వచ్చింది అక్క. తను కుదురుకున్నాక నన్నూ లాక్కొచ్చింది. మునిర్కాలో ఒక మేడ మీద గదిలో ఇద్దరం ఉండేవాళ్ళం. అక్క సొంత జీతంతో కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు ల్యాప్‌టాప్. కొన్నాళ్ళకే దానికి వైరస్ పట్టింది. గల్లీలో రిపేరు షాపతను ఫార్మాట్ చేసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి తెరిస్తే ట్రైనింగ్ రోజుల ఫొటోలు ఒక్కటీ లేవు. అక్క మళ్ళీ షాపుకి వెళ్ళి అతని ముందే ఏడ్చేసింది. అతను కంగారుపడి, "దీదీ, సీ డ్రైవ్ లో పెడితే పోతాయి. డీ లో పెట్టుకోండి, డీ కి ఏమీ కాదు" అని హిందీలో చెప్పి పంపించాడు.

ఆ మాట అక్కకి బైబిలు వాక్యమైపోయింది. ఆ మాటకొస్తే మా ఈడువాళ్ళలో అది తెలియనివాళ్ళు తక్కువ. నెట్ సెంటర్ల రోజుల నుంచీ కంప్యూటర్ బాగుచేసిన ప్రతివాడూ అదే చెప్పాడు. ఫార్మాట్ చేస్తే సి పోతుంది, డి ఉంటుంది. అందుకని అందరం పెళ్ళి ఫొటోలూ సర్టిఫికెట్లూ డి లో పెట్టుకుని గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాం. మా తెలుగు చర్చిలో ఎవరు కొత్తగా కంప్యూటర్ కొన్నా అక్క వాళ్ళని పక్కకి పిలిచి ఈ సంగతి చెప్పేది. సువార్త చెప్పినంత శ్రద్ధగా చెప్పేది.

తర్వాత అక్కకి పెళ్ళయింది. బావది కూడా మా వైపే, ఇక్కడ ఒక ఆసుపత్రిలో ఫార్మసిస్టు. నోయిడాలో ఫ్లాట్ తీసుకున్నారు. పాప పుట్టింది. అక్క ఫోన్ కింద పెడితే ఒట్టు. పాప బోర్లా పడితే వీడియో, అన్నం ఉమ్మేస్తే వీడియో. తను మాత్రం ఒక్కదాంట్లోనూ కనిపించదు. పై పళ్ళు కాస్త ఎత్తుగా ఉంటాయని అక్కకి చిన్నప్పటి నుంచీ బాధ. ఫొటోకైతే పెదాలు బిగించి నిలబడేది. వీడియో అయితే నోరు కదపాలి కాబట్టి ఎప్పుడూ ఫోన్ వెనకే ఉండేది. అందుకే ఆ వీడియోలన్నిటిలో తెరమీద పాప, వెనక నుంచి అక్క గొంతు. "ఇటు చూడు, ఇటు చూడు బంగారం! ఎవరొచ్చారే మనింటికి? పిన్నొచ్చిందా?"

పాపకి రెండేళ్ళు దాటాక అక్కకి రొమ్ములో గడ్డ తేలింది. మేం రోజూ చూసే జబ్బే, ఆ వార్డులో అక్క కూడా పనిచేసింది. సెలవు పెట్టి ఇంట్లో ఉన్న రోజుల్లో మంచం మీద దిండుకి ఆనుకుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఫోన్‌లో ఉన్నవన్నీ అందులోకి ఎక్కించేది. ఒక్కో నెలకి ఒక్కో ఫోల్డరు. నేను డ్యూటీ దిగి నోయిడా వెళ్ళేసరికి అదే పనిలో ఉండేది.

"పిల్లవన్నీ డి లో వేశానే. ఈ లో కూడా ఇంకోటి వేశాను. ఒకటి పోయినా ఒకటి ఉంటాది" అంది ఒక రోజు.

"సర్లే, పడుకో ఇంక. కళ్ళు పీక్కుపోయాయి."

"పడుకుంటాలే. నువ్వు గుర్తుపెట్టుకో. డి లో ఒకటి, ఈ లో ఒకటి."

నాకు గుర్తుంది. ఫోన్‌లో జాగా లేదని అందులోవన్నీ తుడిచేసి, దాన్ని ఎక్స్చేంజ్‌లో ఇచ్చి బావ చేత కొత్తది తెప్పించుకుంది. ఆ కొత్త ఫోన్‌తో పెద్దగా తీసిందేమీ లేదు. మూడో పుట్టినరోజు రాకముందే పాపకి తల్లి లేకుండా పోయింది.

అక్క పోయిన కొత్తల్లో పిల్ల ఏడుపు ఆపడానికి బావ ఒకసారి ల్యాప్‌టాప్ తెరిచి ఒక వీడియో పెట్టాడు. పిల్ల గొంతు గుర్తుపట్టింది. ఏడుపు ఆపి తెర వెనక్కి వెళ్ళి చూసింది. అక్కడ ఎవరూ లేరు. వంటింట్లో చూసింది, బాత్రూం తలుపు కొట్టింది, మంచం కింద వంగి చూసింది. తర్వాత గుమ్మం దగ్గర కూర్చుని ఎవరెంత పిలిచినా లేవలేదు. ఆ పూటంతా అన్నం ముట్టలేదు. బావ ల్యాప్‌టాప్ మూసేసి బీరువాలో పెట్టాడు. పెద్దయ్యాక చూపిద్దాం అన్నాడు. అక్కడున్న అందరం సరేనన్నాం.

ఏడాది తిరిగాక పెద్దవాళ్ళు కూర్చుని నన్ను బావకిచ్చి చేశారు. మా వైపు కొత్తేమీ కాదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు, అడిగారు. పిల్లని నా ఒళ్ళో కూర్చోబెట్టి మరీ అడిగారు. ఇంక నేనేం చెప్పను? మునిర్కా గది ఖాళీ చేసి ఒక సూట్‌కేసుతో అక్క ఇంటికి వచ్చాను. అక్క కుక్కరు, అక్క మిక్సీ, బాల్కనీలో అక్క పెంచిన కరివేపాకు మొక్క. బావని ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. పిల్ల నన్ను పిన్నీ అంటుంది. మా అపార్ట్‌మెంట్ సొసైటీలో ఆంటీలకి ఇది అర్థంకాక "మాసీ హో యా మమ్మీ?" అని, పిన్నివా అమ్మవా అని అడిగేవారు. రెండూనండీ అనేదాన్ని. వాళ్ళు నవ్వేవారు.

బావ మంచివాడు. ఆ సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. నన్ను ఎప్పుడూ అక్కతో పోల్చలేదు. నేనే పోల్చుకునేదాన్ని. ఆ ఇంట్లో ఏ గిన్నె తీసినా అక్క చేతి తర్వాత నా చెయ్యి పడినట్టే ఉండేది. బీరువాలో ఉన్న ఆ ల్యాప్‌టాప్ ఒక్కటే పూర్తిగా అక్కది. దాన్ని చూస్తే నాకు ధైర్యంగా ఉండేది, ఎందుకో చెప్పలేను.

ఏటా అక్క పోయిన రోజున ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టేవాళ్ళం. పాస్టరుగారూ, చర్చివాళ్ళు కొందరూ వచ్చేవారు. బల్లమీద అక్క ఫొటో, అక్క బైబిలు. ఆ పక్కన ల్యాప్‌టాప్ కూడా పెట్టేవాడు బావ, అక్క అల్లిన లేసుగుడ్డ కప్పి. ముందురోజే నేను దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేదాన్ని. ప్రార్థన అయ్యాక మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోయేది. ఎవరూ తెరవలేదు. వాడితే పాడవుతుందని మా నమ్మకం. పట్టుచీరలనీ అలాగే దాచుకున్నాం కదా.

పిల్లకి ఇప్పుడు పద్నాలుగేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. నాతో మాట్లాడేటప్పుడు కష్టపడి నాలుగు తెలుగు ముక్కలు కలుపుతుంది. ఈ ఏడాది ఈస్టర్‌కి ముందు బాప్తిస్మం తీసుకుంటానని తనంతట తనే చెప్పింది. మా ఇళ్ళల్లో ఆడపిల్ల బాప్తిస్మం తీసుకుంటుంటే తల్లి తన బైబిలు ఇస్తుంది. బావ బీరువా తాళం తీసి అక్క బైబిలు చేతికిచ్చాడు. పిల్ల దాన్ని అందుకుని ల్యాప్‌టాప్ వైపు చూసింది.

"పప్పా, వో భీ?"

"అది కూడా నీదే."

పిల్ల నా వైపు తిరిగింది. "పిన్నీ, మమ్మా ఫేస్ తో పతా హై నాకు. ఆవాజ్ నహీ పతా."

ముఖం తెలుసట, ఫొటోలున్నాయి కాబట్టి. గొంతు తెలియదట. పదకొండేళ్ళు తల్లి గొంతు బీరువాలో పెట్టి పిల్లని బయట పెంచాం.

భోజనాలబల్ల మీద పెట్టి చార్జరు గుచ్చాం. లైటు వెలిగింది. పిల్ల చప్పట్లు కొట్టింది. తెరమీద కంపెనీ బొమ్మ వచ్చింది. తర్వాత లోపల నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. గోరుతో ఎవరో బల్ల గీకుతున్నట్టు ఒక చప్పుడు, మళ్ళీ టిక్కులు. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు వచ్చి ఆగిపోయాయి. బావ ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ వేశాడు. "ఉండు, పాతది కదా, వేడెక్కాలి" అంటాడు. అదేమైనా స్కూటరా వేడెక్కడానికి? నేనే ప్లగ్గు లాగేశాను.

నెహ్రూ ప్లేస్‌లో పోయిన డేటా వెనక్కి తీసేవాళ్ళు ఉంటారని మా వార్డులో ఒకరు చెబితే అక్కడికి తీసుకెళ్ళాం, ముగ్గురం. కౌంటరు దగ్గర కూర్చున్నాయన హార్డ్ డిస్కు ఊడదీసి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "బ్యాకప్ ఉందా?" అని హిందీలో అడిగాడు.

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నదానిలా నేను గబగబా చెప్పాను. "ఉంది భయ్యా. డీ లో ఒకటి ఉంది, ఈ లో కూడా ఇంకోటి ఉంది."

ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. సీ, డీ, ఈ అన్నీ ఈ ఒక్క డిస్కులోవేనని నెమ్మదిగా చెప్పాడు. ఒకే గదికి మూడు అరలు కట్టి మూడు పేర్లు పెట్టారంతే, గది కూలితే అన్నీ కూలతాయి అన్నాడు. ఫార్మాట్ చేసినప్పుడు ఒక అర ఖాళీ చేస్తారు కాబట్టి మిగతావి ఉంటాయి, డిస్కే పోతే ఏదీ ఉండదు. రోజూ ఎవరో ఒకరు ఇలాగే వస్తారట. డీ లో ఉంది కదా అంటారట. ప్రయత్నిస్తాను, ఆశ పెట్టుకోవద్దు అన్నాడు.

పది పదిహేను రోజులయ్యాక ఫోన్ చేశాడు. లోపల పళ్ళెం గీరుకుపోయిందట. చదివే సూది విరిగి దానిమీదే తిరిగిందట. ఫైళ్ళ పేర్లు కొన్ని వచ్చాయి, లోపల ఏమీ లేదు. ఆ పేర్లు పంపించాడు. అక్క పెట్టిన పేర్లే. 'పాప నడక'. 'పాప వాన'. 'పాప పిన్ని'.

ఆ డిస్కు వెనక్కి తెచ్చుకోవడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో నాకు అక్కమీద చెప్పలేనంత కోపం వచ్చింది. బతికుండగా ఎప్పుడూ రాని కోపం. అంత జాగ్రత్త మనిషివి, ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి నా మొహాన కొట్టలేకపోయావా! జ్వరంలో, వాంతుల్లో, చేతులు వణుకుతూ ఒక్కో వీడియో రెండుసార్లు ఎక్కించావు. ఆ పనంతా ఎందుకు పనికొచ్చింది? ఎదుటి సీట్లో ఆవిడ నాకు మంచినీళ్ళ సీసా అందించింది. అప్పుడు తెలిసింది ఏడుస్తున్నానని.

ఆ తర్వాత నేనొక పోరు మనిషిని అయిపోయాను. నర్సింగ్ స్టేషన్‌లో ఎవరు ఫోన్‌లో పిల్లల వీడియో చూపించినా, "ఇంకెక్కడుంది ఇది?" అని అడుగుతాను. రెండుచోట్లంటే రెండు వేరే వస్తువులు ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి, నెలకోసారి తెరిచి ఆడుతుందో లేదో చూడాలి అని వెంటపడతాను. నన్ను చూస్తే కొందరు ఫోన్ దాచేస్తున్నారు. దాచుకోనీ.

అక్క గొంతు ఇంకెక్కడైనా ఉందేమోనని వెతికాం. ఊళ్ళో అమ్మకి అప్పట్లో కొన్ని వీడియోలు పంపింది అక్క. ఫోన్ నిండిపోయిందని షాపువాడి చేత ఎప్పుడో తీయించేసింది అమ్మ. అక్కతో పనిచేసినవాళ్ళని అడిగితే ఫొటోలు బోలెడు పంపారు. అన్నిటిలోనూ పెదాలు బిగించుకుని అక్క.

చివరికి పెళ్ళి సీడీ గుర్తొచ్చింది. బావ ఎక్కడో సీడీ ప్లేయరు అడిగి తెచ్చాడు. మా పెళ్ళిళ్ళలో పాస్టరు ప్రమాణం చెప్పిస్తాడు, పెళ్ళికూతురు ఒక్కో మాటా తిరిగి చెప్పాలి. అక్క చెప్పింది, నేను పక్కనే పూలు పట్టుకుని నిలబడి విన్నాను. ముగ్గురం నేలమీద కూర్చుని ఆ ఘట్టం కోసం చూశాం. వచ్చింది. అక్క తల వంచుకుని ఉంది, ముసుగు లోపల పెదాలు కదిలాయి. సరిగ్గా అక్కడే వీడియోవాడు ఎవరిదో పాట అతికించాడు. ఉంగరాలు మార్చుకునేదాకా ఆ పాటే. మా వైపు వీడియోవాళ్ళకి మనుషుల మాటలంటే ఎందుకు పడదో నాకు తెలియదు. పిల్ల లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఈ సంగతి ఫోన్‌లో చెబితే అమ్మ అంది, "దానికింత యాతనెందుకే? మీ ఇద్దరి గొంతూ ఒకటేగా. ఫోన్ చేస్తే ఏది మాట్లాడుతుందో కన్నదాన్ని నాకే తెలిసేది కాదు. నువ్వే చెప్పి వినిపించు పిల్లకి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అదేం మాటమ్మా?" అని ఫోన్ పెట్టేశాను. నిజమే, అందరూ అనేవారు. మునిర్కాలో ఇంటి యజమానురాలు మెట్ల కింద నుంచి పిలిచి, ఎవరు పలికినా అక్కే అనుకునేది. కానీ అక్క ఇంట్లో ఉంటున్నాను, అక్క బిడ్డని పెంచుతున్నాను, అక్క భర్త పక్కన కూర్చుని ప్రార్థన చేస్తున్నాను. ఇంక గొంతు కూడానా? ఆ ఒక్కటీ వద్దనుకున్నాను. స్పీకరు ఆన్‌లో ఉండటంతో ఆ మాట పిల్ల విన్నదని మాత్రం అప్పుడు నేను గమనించలేదు.

బాప్తిస్మం రోజు వచ్చింది. మా చర్చికి సొంత తొట్టి లేదు, మధ్యాహ్నం పూట వేరే చర్చివాళ్ళది అడిగి తీసుకున్నాం. నీళ్ళలో నుంచి లేచిన పిల్లకి తువ్వాలు కప్పేది తల్లి. ఆ మెట్టు దగ్గర తువ్వాలు పట్టుకుని నేను నిలబడ్డాను. పిల్ల తెల్లబట్టలతో వణుకుతూ వచ్చింది. తెర వెనక గదిలోకి తీసుకెళ్ళి తల తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పిన్నీ, మమ్మా ఏమనేది? వీడియోలో?"

"చెప్పాను కదే చాలాసార్లు."

"అలా కాదు. మమ్మాలా చెప్పు. ప్లీజ్. ఏక్ బార్."

జుట్టు నుంచి నీళ్ళు కారి మెడమీద పడుతున్నాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. కాదనడం నావల్ల కాలేదు. మొహం పక్కకి తిప్పుకుని అన్నాను. "ఇటు చూడు, ఇటు చూడు బంగారం. ఎవరొచ్చారే మనింటికి?"

పిల్ల కళ్ళు మూసుకుంది. "ఔర్ ఏక్ బార్" అంది. మళ్ళీ అన్నాను. మూడోసారి అనేటప్పుడు, ముందే ఆ గదిలో ఉంచుకున్న తన ఫోన్ తువ్వాలు కింద చేతిలో కనిపించింది. రికార్డు చేస్తోంది. అయినా ఆ మాట చివరిదాకా అన్నాను.

ఇంటికి వచ్చి భోజనాలు అయ్యేలోపే దాన్ని వాళ్ళ నాన్నకి పంపింది, అమ్మమ్మకి పంపింది, తన మెయిల్‌లో పెట్టుకుంది, నేను కొనిచ్చిన కొత్త డిస్కులో వేసుకుంది. నేను నేర్పిందే కదా. పేరేం పెట్టావే అంటే చూపించింది. 'మమ్మా'.

నేను వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే బావ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఫోన్ ఉంది. విన్నట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బాగా చెప్పావు. కానీ బంగారం అనే మాట మీ అక్క అలా అనేది కాదు" అన్నాడు.

అయితే తేడా ఉంది. ఇన్నేళ్ళూ బావ దగ్గర ఆ తేడా భద్రంగా ఉంది. చేతులు చీరకి తుడుచుకుని దగ్గరికి వెళ్ళాను. "ఎలా అనేది బావా? చెప్పు. పిల్లకి సరిగ్గా చెప్పి మళ్ళీ రికార్డు చేద్దాం."

బావ నోరు తెరిచాడు. ఒకసారి లోలోపల అనుకుని చూశాడు. తల అడ్డంగా ఊపి మళ్ళీ ప్రయత్నించాడు.

"ఇందాకటిదాకా చెవిలోనే ఉంది" అన్నాడు. "నీది విన్నాక రావట్లేదు."

నేనూ కళ్ళు మూసుకుని వెతికాను. మునిర్కా గదిలో అక్క, వార్డులో మందు పేరు చదువుతున్న అక్క, మంచం మీద అక్క. అన్నిచోట్లా పెదాలు కదులుతున్నాయి, నా గొంతు వస్తోంది. పక్కగదిలో పిల్ల దాన్ని మళ్ళీ పెట్టుకుంది. బావా నేనూ గుమ్మంలో నిలబడి, అయిపోయేదాకా విన్నాం.